తక్కువైతే మంచిదేగా

మా ఆయన తన రక్తపరీక్ష రిపోర్టుని ఫొటో తీసి వాకర్స్ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెట్టారు అనాలి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని నేనెప్పుడూ ఏకవచనంలో అనలేదు. కానీ ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండి గౌరవం నోటికి రాదు. మొత్తం కొలెస్ట్రాల్ నూట డెబ్బై రెండు అని ఉన్న చోట ఎర్రగీత గీసి మరీ పెట్టారు. ఇక చూడండి, బొటనవేళ్ళు, దండాలు, పూలగుత్తులు. "సెక్రటరీ బాలశౌరి గారికి శుభాకాంక్షలు. నడకకు మించిన మందు లేదని నిరూపించారు" అని సంఘం అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారు రాశారు. పదో తరగతి పాసైన పిల్లాడిలా ఆ ఫోను పట్టుకుని మా ఆయన ఇల్లంతా తిరిగారు.

నేను అదే ఫొటోలో కింది వరసలు కూడా చదివాను. నేనేం డాక్టర్ని కాను, గవర్నర్‌పేటలో ఒక పార్సిల్ ఆఫీసులో పనిచేస్తాను. కానీ ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అదెందుకుందో తెలుసుకోకుండా వదలడం నా వల్ల కాదు. హెచ్‌డీఎల్ ఇరవై నాలుగు అని ఉంది. మగవాళ్ళకి కనీసం నలభై ఉండాలని ఆ పక్కనే ఉంది.

"ఏవండీ, ఇదేంటండీ, ఇది మరీ తక్కువుంది?" అన్నాను.

"కొలెస్ట్రాలేగా? తక్కువైతే మంచిదేగా."

"ఇది మంచి కొలెస్ట్రాలంటండీ. ఇది తగ్గకూడదంట."

"కొవ్వులో మళ్ళీ మంచీ చెడ్డా ఏంటి స్టెల్లా? ఆ లాబువాళ్ళకేం, పదిసార్లు రప్పించుకోడానికి నక్షత్రాలు పెడతారు. ఊరంతా మెచ్చుకుంటుంటే నీకే కనపడుద్ది లోపం," అని ఫోను లాక్కున్నారు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి ఎవరు గెలిచారు? ఊరుకుందును, నాకు ఇంకో భయం లేకపోతే. మా మామగారు చల్లపల్లిలో, నలభై ఎనిమిదో ఏట, ఆదివారం పూజ అయ్యాక చర్చి బయట నలుగురితో నిలబడి మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోయారు. మా ఆయనకి ఇప్పుడు యాభై ఐదు. మేముండేది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. కొన్నాళ్ళుగా ఈయన మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆగి ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఏం మెసేజీలబ్బా అని ఒకరోజు వెనకాల నుంచి తొంగి చూశాను. ఫోను లాకు కూడా తియ్యలేదు. నల్లటి అద్దంలోకి చూస్తూ ఊపిరి పీలుస్తున్నారు.

"ఏంటండీ?" అంటే "గ్యాసు" అన్నారు. ఈ విజయవాడలో ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే. సోడా తాగి, రెండు తేన్పులు తేన్చి, పోయిందిలే అనుకోవడమే. గ్యాసు అనే మాట లేకపోతే మా ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఎప్పుడో డాక్టరు ముఖం చూసేవాళ్ళు.

ఇంతకీ ఈ వాకర్స్ సంఘం నడక ఎలాంటిదో మీకు చెప్పాలి. తెల్లారకముందే తెల్ల బూట్లు వేసుకుని బందరు కాలవ గట్టు మీదికి చేరతారు. ఒక్క రౌండు. ఆ రౌండులోనే రాజకీయాలు, పొలాల ధరలు, అల్లుళ్ళ ఉద్యోగాలు. తర్వాత టిఫిను బండి. రోజూ ఎవరిదో ఒకరిది పుట్టినరోజు, లేకపోతే పెళ్ళిరోజు, అవేం లేకపోతే ఎవరి మనవడో బోర్లాపడ్డ సంబరం. పార్టీ ఇవ్వాల్సిందే. పెసరట్టు ఉప్మా, పునుగులు, బొంబాయి చట్నీ. ఆ పునుగులు వేగే నూనె ఎప్పటిదో దేవుడికే తెలియాలి. నడిచినదానికి రెట్టింపు తిని, "ఇవాళ్టికి ఎక్సర్‌సైజ్ అయింది" అని ఇంటికొస్తారు.

వచ్చాక పెయింట్ల కొట్లో కుర్చీ. మధ్యాహ్నం కంచం నిండా తెల్లన్నం, కునుకు, మళ్ళీ కుర్చీ. సిగరెట్లు నాలుగే అంటారు, ఆ నాలుగూ నా కంటబడ్డవి. రాత్రికి మాత్రం మహా నిష్ఠ. "నేను రాత్రిపూట అన్నం మానేశాను" అని కనపడ్డ ప్రతివాళ్ళకీ చెబుతారు. అన్నం మానేసి ఏం తింటారని ఒక్కళ్ళూ అడగరు. పూరీలు తింటారు. మైదా రొట్టెలు తింటారు. మినపట్లు వేస్తుంటే ఐదో అట్టు దాకా "చాలు" అనే మాట రాదు. అన్నం కాకపోతే అది ఉపవాసం కింద లెక్క మనవాళ్ళకి. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ముందు నడుస్తుంది. సన్నగానే ఉన్నానుగా అంటారు.

నా పోరు పడలేక మా ఆయన ఒకరోజు గట్టు మీద ఈ మంచి కొలెస్ట్రాల్ మాట ఎత్తారట. వెంటనే రామకోటేశ్వరరావు గారు ఎక్కడో చదివిన సంగతి బయటపెట్టారు. రోజూ ఒక పెగ్గు పుచ్చుకుంటే మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందని. ఇంతమంది పెద్దమనుషులకి ఆ ఒక్క ముక్క మాత్రం చటుక్కున ఎక్కింది. అప్పటిదాకా దొంగచాటుగా తాగేవాళ్ళు కూడా అప్పట్నుంచి మందులా తాగడం మొదలుపెట్టారు.

ఆస్పత్రికి రమ్మంటే ఈయన రారు. "వాకర్స్ సెక్రటరీని, గుండె డాక్టరు గది ముందు టోకెను పట్టుకుని కూర్చోనా?" అంటారు. అందుకని నేనే ఒక ఉపాయం ఆలోచించాను. ఈయనకి ప్రపంచంలో అన్నిటికన్నా ఇష్టమైనది సభ. వేదిక, మైకు, శాలువాలు ఉంటే అన్నం అక్కర్లేదు. "వేదికను అలంకరించవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాం" అని ఈయన సాగదీసి పలుకుతుంటే పిలిపించుకున్నవాళ్ళు పెళ్ళికొడుకుల్లా నడిచొస్తారు. ప్రపంచ హృదయ దినం ఆదివారం వచ్చింది. "ఒక గుండె డాక్టరు గారిని పిలిచి సభ పెట్టండి, పేపర్లో పడుతుంది," అన్నాను. పేపరు మాట వినగానే ముఖం వెలిగిపోయింది.

డాక్టర్ మనోజ్ఞ గారు మా ఆఫీసులో ఒకావిడ మేనకోడలు. నేను ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మెట్లు, సోడా, మామగారు, ఇరవై నాలుగు, అన్నీ. ఆవిడ విని, "సభ ఎందుకండీ, ముందు ఆయన్ని తీసుకురండి," అన్నారు. రారమ్మా అన్నాను. "సరే, నేనే వస్తాను. అందరికీ చెప్పినట్టు ఆయనకి చెబుతాను. సభ అవగానే నాతోపాటు ఆస్పత్రికి తీసుకెళ్ళిపోతా. ఈలోగా నొప్పి వస్తే మాత్రం ఆగొద్దు," అన్నారు. నాకు అప్పుడు నిద్ర పట్టింది. ఆ ఒక్క ఆదివారం గడిస్తే మనిషి నాకు దక్కుతాడనుకున్నాను.

సభ గవర్నర్‌పేటలో ఒక హాల్లో పెట్టారు. మొదటి పూజకి వెళ్ళొచ్చి నేనూ ముందు వరసలో కూర్చున్నాను. వేదిక మీద పన్నెండు కుర్చీలు, వెనకాల ఆ పన్నెండుమంది ముఖాలతో ఫ్లెక్సీ. డాక్టరు గారి ముఖం మూలకి చిన్నగా ఉంది. జ్యోతి వెలిగించారు. సెక్రటరీ నివేదిక అని మా ఆయన సంఘం సాధించిన విజయాలు చదివారు. గట్టు మీద రెండు సిమెంటు బల్లలు వేయించిన సంగతి చదవడానికి ఎంతసేపు కావాలో నాకు తెలియదు గానీ ఆయనకి చాలాసేపు పట్టింది. తర్వాత అధ్యక్షులవారు తన బాల్యం నుంచి మొదలుపెట్టారు. తర్వాత శాలువాలు. ఒక్కొక్కరినీ పిలవడం, కప్పడం, ఫొటో, ఫొటోలో తల అడ్డం వచ్చిందని మళ్ళీ కప్పడం. మధ్యలో అందరికీ గారెలు, లడ్డూ పంచారు. హృదయ దినోత్సవానికి, నూనె ఓడుతున్న గారెలు. డాక్టరు గారు తన పొట్లం విప్పకుండా పక్కన పెట్టి గడియారం వంక చూస్తున్నారు.

ఆవిడ వంతు వచ్చేసరికి జనంలో సగం చేతులు కడుక్కోవడానికి లేచారు. ఆవిడ మాత్రం చక్కగా, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పారు.

"చెడ్డ కొలెస్ట్రాల్ రక్తనాళాల గోడల్లో పేరుకుంటుందండి. మంచి కొలెస్ట్రాల్ దాన్ని అక్కణ్ణుంచి ఎత్తి లివరుకి చేరుస్తుంది. కాలవలో గుర్రపుడెక్క తీసేవాళ్ళు మానేస్తే ఏమవుతుందో మీకు తెలుసుగా, అలాగే. ఇది తక్కువుందంటే సంతోషించాల్సింది కాదు, లోపల ఇంకేదో తేడా ఉందని అర్థం. సిగరెట్టు దీన్ని తగ్గిస్తుంది. పొద్దస్తమానం కూర్చోవడం, పొట్ట పెరగడం, షుగరు జబ్బు, డాల్డా తగ్గిస్తాయి. నూనె మానేశానని తెల్లన్నం, మైదా, తీపి ఎక్కువ లాగించినా తగ్గుతుంది. కొందరికి వంశంలోనే వస్తుంది. దీన్ని పెంచడానికి మాత్రలు కనిపెట్టారు. అంకె పెరిగింది గానీ గుండెపోట్లు ఏమీ తగ్గలేదు. అందుకని అంకెని కాదు, కారణాల్ని సరిచేసుకోవాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేస్తుంటే..."

"మేడం, ఆ పెగ్గు సంగతి చెప్పండి," అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వు.

"పెగ్గు ఆ అంకెని కాస్త పెంచొచ్చండి, గుండెని కాపాడదు. బీపీ, లివరు, అన్నీ పాడవుతాయి. నేను చెప్పేది మెట్ల గురించి..."

అప్పుడు మా ఆయన లేచి, వంగి, డాక్టరు గారి ముందు ఒక చీటీ పెట్టారు. ఆవిడ చదివి, నా వైపు చూసి, మాట ఆపేశారు. మా ఆయన మైకు అందుకుని, "సమయాభావం వల్ల మేడం గారు సంక్షిప్తంగా ముగిస్తున్నారు. ఇంకా ముగ్గురు పెద్దల సన్మానం మిగిలి ఉంది," అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఎవరికోసం ఆవిణ్ణి బతిమాలి పిలిపించానో ఆ మనిషే ఆవిడ నోరు మూయించాడు. నేను ఎలా లేచానో, వేదిక ఎలా ఎక్కానో గుర్తులేదు. మైకు మాత్రం నా చేతిలో ఉంది.

"అందరూ కాసేపు కూర్చోండి. శాలువాలు పారిపోవు," అన్నాను. "మీ సెక్రటరీ గారి రిపోర్టు చూసి దండాలు పెట్టారే, ఒక్కళ్ళయినా కింది వరస చదివారా? మంచి కొలెస్ట్రాల్ ఇరవై నాలుగు. ఈయన రెండంతస్తులు ఎక్కలేక మధ్యలో ఆగుతున్నారు. ఈయన నాన్నగారు నలభై ఎనిమిదికే పోయారు. డాక్టరు గారు అదే చెబుతుంటే చీటీ పెట్టి ఆపారు. గుండె గురించి వినడానికి మీకు టైము లేదు గానీ గారెలు తినడానికి ఉంది. నాకు శాలువాలొద్దు, సన్మానాలొద్దు. మీ స్నేహితుణ్ణి ఇప్పుడే డాక్టరు గారి కారెక్కించండి చాలు."

రామకోటేశ్వరరావు గారు తల దించుకుని తన శాలువా అంచు సవరించుకుంటున్నారు. మా ఆయన ముఖం తేలు కుట్టిన దొంగలా అయింది. కానీ సభలు నడిపిన మనిషి కదా, నవ్వు తెచ్చుకుని మైకు నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు.

"మా శ్రీమతి గారి ప్రేమకు కృతజ్ఞతలు. భర్త గురించి ఇంత ఆరాటపడే ఇల్లాలు దొరకడం నా అదృష్టం," అన్నారు. చప్పట్లు. నా మాటలు అలా చప్పట్ల కింద తొక్కేశారు. డాక్టరు గారు లేచి ఆయన పక్కకి వచ్చి, "వెళ్దామా అండీ?" అని నెమ్మదిగా అడిగారు. "వందన సమర్పణ ఒక్కటీ అయిపోనివ్వండి మేడం," అన్నారు.

వందన సమర్పణ మొదలుపెట్టారు. హాలు ఇచ్చినవారికి, మైకు ఇచ్చినవారికి, పూలదండలు ఇచ్చినవారికి. "ముఖ్యంగా నా ఆత్మీయ మిత్రులు," అని ఆగారు. మైకు స్టాండు పట్టుకున్నారు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కళ్ళలో నీళ్ళు. ఆయన ఉద్వేగంతో మాట్లాడలేకపోతున్నారనుకుని ముందు వరసవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి వెనకవాళ్ళు కొట్టారు. కొందరు లేచి నిలబడి కొట్టారు. మనిషి మైకుతో సహా కింద పడేదాకా కొడుతూనే ఉన్నారు.

ఆ చప్పట్లు నేను చచ్చేదాకా మర్చిపోను.

డాక్టరు గారు అక్కడే ఉన్నారు కాబట్టి ఈయన ఇవాళ ఉన్నారు. ఛాతీ మీద నొక్కుతూ, అరుస్తూ, పన్నెండు కుర్చీలూ తన్ని దారి చేసి ఆస్పత్రికి చేర్చారు. మూసుకుపోయిన నాళాన్ని తెరిచారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి చెప్పారు. గుండె కండరంలో పెద్ద భాగం చచ్చిపోయింది, ఇక అది తిరిగి రాదు, నాలుగు మాటలంటే ఆయాసం వస్తుంది, ఇకనుంచి ఇలాగే జాగ్రత్తగా బతకాలి. "నొప్పి మొదలైనప్పుడే వచ్చుంటే నడుచుకుంటూ వచ్చి నడుచుకుంటూ వెళ్ళేవారండీ," అన్నారు. ఆవిడ తప్పేం లేదు. అయినా నేను ఆవిడ ముందు ఏడ్చాను, ఆవిడ మీదే కోపంగా ఉన్నట్టు.

గదిలోకి మార్చాక వాకర్స్ వచ్చారు. కొబ్బరిబోండాలు, బత్తాయిలు పట్టుకుని మంచం చుట్టూ నిలబడ్డారు. ఎవరూ నా ముఖం చూడరు. చివరికి రామకోటేశ్వరరావు గారే గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా స్టెల్లా, పెద్దవాణ్ణి కాబట్టి అంటున్నా. నలుగురిలో అలా పరువు తియ్యొచ్చా? మగాడి గుండె తట్టుకుంటదా? ఆ షాకుకే వచ్చిందమ్మా ఇది. గట్టు మీద అందరూ అదే అనుకుంటున్నారు."

మిగతావాళ్ళు తలలూపారు. నిజం చెప్పొద్దూ, తిట్టాలనుంది, గట్టిగా మాట్లాడొద్దని నర్సు చెప్పింది. అంతకన్నా, ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. నేను మైకు పట్టుకోకపోతే ఆ రోజు గడిచిపోయేదేమో అని అప్పటికే ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. నేనే చంపబోయానా ఈయన్ని అనుకుంటూ తల వంచుకుని నిలబడ్డాను. నేను తల వంచుకోవడం మా ఆయన ఎప్పుడూ చూడలేదు.

"దాన్ని ఏమీ అనకండి," అన్నారు మంచం మీదనుంచి. ఊపిరి తీసుకున్నారు. "ఎండాకాలం నుంచే వస్తోంది నొప్పి." మళ్ళీ ఆగారు. "గట్టు మీద రెండో రౌండు తిరగలేకపోయేవాణ్ణి. టిఫినుకి లేటవుద్దని మిమ్మల్ని తొందరపెట్టింది అందుకే." గది గోడ వంక చూస్తూ చెబుతున్నారు. "వాకర్స్ సెక్రటరీకే గుండె జబ్బంటే... మీరంతా నవ్వుతారని చెప్పలేదు. దానికీ చెప్పలేదు."

నామీద నింద పోయిందని నాకు సంతోషం కలగలేదు. ఎండాకాలం నుంచి. పక్కన పడుకున్నదాన్ని, వండిపెట్టినదాన్ని, మలుపు దగ్గర ఫోను తీస్తుంటే కనిపెట్టినదాన్ని, నాక్కూడా చెప్పలేదు. కోపం కట్టలు తెంచుకుంది గానీ గొంతు మాత్రం పెంచలేదు.

"నవ్వితే ఏమవుతుందండీ?" అన్నాను. "నవ్వితే నవ్వేవాళ్ళు. నవ్వులకి ఎవరైనా చచ్చారా?"

ఆయన కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారుతుంటే నేనే కొంగుతో తుడిచాను. వాకర్స్ ఒకరి తర్వాత ఒకరు "వస్తామమ్మా" అని బయటికి జారుకున్నారు. రామకోటేశ్వరరావు గారు మాత్రం వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చున్నారు. కాసేపు బత్తాయి ఒకటి చేతిలో తిప్పారు. తర్వాత తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించారు.

"అమ్మా, ఆ డాక్టరమ్మాయి ఇవాళ ఉంటుందా?"

"ఎందుకండీ అన్నయ్య గారూ?"

"ఏం లేదు. గ్యాసేలే. మేడ ఎక్కుతుంటే ఇక్కడ కాస్త పట్టేసినట్టు..." అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నారు. నేను చూస్తుంటే ఆ చెయ్యి తీసేశారు. "ఇవాళ కాదులే, రేపెప్పుడైనా వస్తా. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. ఇంట్లో కూడా తెలియదు."

నేను ఆయన చేతిలోంచి బత్తాయి తీసి బల్ల మీద పెట్టాను. మోచెయ్యి పట్టుకుని లేపాను. ఆయన నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద, అధ్యక్షులు, అయినా పసివాడిలా లేచారు. వరండాలో నడిపించుకుంటూ తీసుకెళ్ళి మనోజ్ఞ గారి గది ముందు బల్ల మీద, అందరికీ కనపడేట్టు కూర్చోబెట్టాను.

"ఇంట్లో చెప్పి వస్తానమ్మా," అన్నారు దిక్కులు చూస్తూ.

"అక్కర్లేదు, కూర్చోండి," అన్నాను ఫోను తీస్తూ. "ఇంట్లోనే కాదు, ఊరందరికీ నేనే చెప్తాను."